కాఫీ మరలో మెరుపు

కాఫీగింజలను ఇంటిలోనే వేయించి, ఇంటిలోనే మరపట్టి, ఇత్తడి ఫిల్టరులో డికాషను దింపుకొను కుటుంబములు కర్నూలు, కడప సీమలలో నేటికిని కలవు. అట్టి ఇండ్లవారికి తెలిసిన చిక్కు ఒకటి యున్నది. మర త్రిప్పిన తరువాత మూత తీసినచో, పొడి నేరుగ క్రిందికి దిగదు. కొంత మర మూతికి అంటుకొనును. కొంత డబ్బా అంచులకు ప్రాకును. గింజ నడిమి చాలులో నుండెడు పలుచని పొట్టు పైకి లేచి చేతికిని, కొంగునకును, నల్లని కడపబండ గచ్చునకును పట్టుకొనును. గుడ్డతో తుడిచినకొలది అది మరింత అంటుకొనునే గాని వదలదు. ఎండలు ముదిరిన మాసములలో ఈ చిక్కు అధికము. ముసురు పట్టిన దినములలో తక్కువ. మర చెడినదని కొందరును, అంగడివాడు మంచి గింజ ఇయ్యలేదని కొందరును అనుకొందురు.

నిజమునకు మరయు చెడలేదు, గింజయు చెడలేదు. ఆకసమున మెరుపును పుట్టించు శక్తియే అతి చిన్న రూపమున ఆ మరలో తోచుచున్నది. దానికి స్థిరవిద్యుత్తు అని పేరు. వంటింటిలోని ఈ స్వల్ప విషయము వెనుక రెండు దీర్ఘచరిత్రలు కలవు: ఒకటి విద్యుత్తుది, రెండవది కాఫీది. ఈ రెండును మన మెట్టసీమలో ఎట్లు కలిసికొన్నవో చూతము.

మొదట విద్యుత్తు సంగతి. క్రీస్తుకు పూర్వము 6వ శతాబ్దమున గ్రీకుదేశపు తత్త్వవేత్త థేలీసు కాలమునాటికే, ఒక విధమైన పసుపుపచ్చని మణిని ఉన్నితో రుద్దినచో అది ఎండుగడ్డి పరకలను లాగుకొనునని తెలిసియుండినదని చెప్పుదురు. అది వృక్షముల బంక యుగయుగములు భూమిలో పడియుండి గట్టిపడిన పదార్థము. గ్రీకులు దానిని ఎలెక్ట్రాన్ అనిరి. ఎలక్ట్రిసిటీ అను మాట అందుండియే పుట్టినది. మన సంస్కృతభాషలో దాని పేరు తృణమణి, అనగా గడ్డిపోచను ఆకర్షించు మణి. పారశీక భాషలో కహ్రుబా, అనగా గడ్డిని దొంగిలించునది. కర్నూలు, కడప నవాబుల కొలువులలో పారశీకము రాజభాషగ నుండిన కాలము కలదు గావున, ఈ మూడవ పేరును మన సీమకు పరాయిది కాదు. ఆ కహ్రుబా నుండియే అరబ్బీలో విద్యుత్తును చెప్పు మాట ఏర్పడినది. మూడు నాగరికతలును ఒకే వస్తువును చూచి, అది పొట్టును లాగుకొను గుణమును బట్టియే దానిని గుర్తించినవి. మన కాఫీపొట్టు చేయు పనియు అదియే.

అయితే ఆ గుణమును శాస్త్రముగ పరిశీలించుటకు రెండువేల యేండ్లు పట్టినది. 1600లో ఇంగ్లండునకు చెందిన విలియం గిల్బర్టు అను వైద్యుడు, తృణమణి మాత్రమే గాక గాజు, గంధకము మొదలగు అనేక పదార్థములు రుద్దినపుడు ఇట్లే ప్రవర్తించునని నిరూపించెను. జర్మనీలో ఆటో ఫాన్ గెరికె గంధకపు బంతిని ఇరుసుపై త్రిప్పుచు చేతితో రాపిడి కలిగించి, ఈకలను ఆకర్షించియు వికర్షించియు చూపి, ఆ ప్రయోగములను 1672లో ప్రకటించెను. 1729లో స్టీఫెన్ గ్రే కొన్ని వస్తువుల ద్వారా ఈ శక్తి ప్రవహించుననియు, కొన్నింటి ద్వారా ప్రవహింపదనియు కనిపెట్టెను. 1752లో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ప్రతిపాదించిన ప్రయోగములవలన మేఘములలోని మెరుపును, గాజుగొట్టమును రుద్దినపుడు పుట్టు నిప్పురవ్వయు ఒకటియే అని తేలినది. 1757లో విల్కె అను స్వీడను శాస్త్రజ్ఞుడు, ఏ పదార్థమును దేనితో రుద్దినచో ఏది ధనవిద్యుత్తును, ఏది ఋణవిద్యుత్తును పొందునో ఒక వరుసగ పేర్చెను. కాఫీ మరలోని ఇనుమునకును గింజకును జరుగు వ్యవహారము ఆ వరుసలోనిదే.

రేడియోగల గృహములవారికి ఈ శక్తితో మరియొక పరిచయము కలదు. వేసవి సాయంకాలములందు నల్లమల మీద మబ్బు క్రమ్మి ఉరిమినపుడు, మధ్యతరంగములపై వచ్చు కార్యక్రమము నడుమ చిటచిటమను చప్పుడు వినబడును. ఆంగ్లమున ఆ చప్పుడునకును, కాఫీపొడిని ఎగురగొట్టు విద్యుత్తునకును పేరొక్కటే: స్టాటిక్. ఇది కాకతాళీయము కాదు. మెరుపులోని విద్యుత్తు ఒక్కసారిగ విడివడినపుడు పుట్టు తరంగములే రేడియోలో ఆ చప్పుడగును. 1895లో రష్యాలో పొపోవ్ ప్రదర్శించిన గ్రాహకయంత్రము దూరమునందలి మెరుపులను పసిగట్టుటకు ఉపయోగపడినది. ఆ సంవత్సరముననే మన జగదీశచంద్ర బోసు కలకత్తాలో తంతులు లేకయే దూరముననున్న గంటను మ్రోగించెను. రేడియో పుట్టుకలోనే మెరుపు వినికిడి కలదన్నమాట. 1948లో విజయవాడలోను, 1963లో కడపలోను ఆకాశవాణి కేంద్రములు వెలసిననాటినుండి తెలుగు శ్రోతలు మెరుపును కంటితో చూచుటయే గాక చెవితో వినుటయు అలవాటు చేసికొనిరి.

ఇక కాఫీ సంగతి. యెమెను దేశపు రేవులనుండి లోకమునకు వ్యాపించిన ఈ గింజ, 17వ శతాబ్దమున బాబా బుడన్ అను సూఫీ సాధువు వెంట మైసూరుసీమలోని చిక్కమగళూరు కొండలకు చేరెనని ఐతిహ్యము. ఆయన ఏడు గింజలు తెచ్చెనని చెప్పుదురు. 19వ శతాబ్దమున ఆంగ్లేయులు మైసూరు, కొడగు, నీలగిరి ప్రాంతములలో విస్తారముగ తోటలు వేసిరి. మన ఆంధ్రదేశమున ఈ పంట తూర్పుకనుమలలో ఆ శతాబ్దాంతమున ప్రవేశించి, నేడు అరకులోయ కాఫీ అను పేరుతో దేశాంతరములందును ప్రసిద్ధి కెక్కినది. అక్కడ దానిని పండించువారు ప్రధానముగ గిరిజన రైతులు.

కర్నూలు, కడప మండలములలో కాఫీతోట లేదు. ఉండుటకు వీలును లేదు. ఆ మొక్కకు చల్లని నీడ, మంచువానలు కావలయును. ఈ సీమకు కాఫీ రైలుమార్గముల వెంట వచ్చినది. 1800లో నిజాము దత్తమొనర్చిన మండలములుగ ఈ ప్రాంతము మద్రాసు ప్రభుత్వము క్రిందికి వచ్చినది. 1871 నాటికి మద్రాసునుండి కడప, గుంతకల్లుల మీదుగ రాయచూరు వరకు ఇనుపదారి పూర్తియైనది. శతాబ్దము ముగియకమునుపే గుంతకల్లు నుండి బెంగుళూరునకును బండ్లు నడచినవి. మద్రాసు అలవాటును, బెంగుళూరు గింజయు ఇట్లు రెండు దిక్కులనుండి చేరినవి. రాగిసంగటి, జొన్నరొట్టె తిను సీమలో కాఫీ మొదట పట్టణములలోని వకీళ్ల ఇండ్లలోను, ఉపాధ్యాయుల ఇండ్లలోను, రైలు ఉద్యోగుల ఇండ్లలోను స్థిరపడినది. పిమ్మట హోటళ్ల ద్వారా సామాన్యులకును అందినది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఐరోపా బేరము నిలిచిపోగా తోటలవారు చిక్కున పడిరి. 1942 నాటి చట్టముతో కాఫీబోర్డునకు అధికారములు కలిగినవి. పండిన గింజ యంతయు బోర్డు ఖాతాలో చేరి, అచ్చటనుండి వేలమున అంగళ్లకు పోవు పద్ధతి ఏర్పడి, క్రమముగ సడలింపబడి, 1996లో పూర్తిగ తొలగినది. ఆ అర్ధశతాబ్దమున మన ఇండ్లలో కాఫీ ఎన్నడును చౌకవస్తువు కాదు. కనుకనే చికోరీ కలుపుట వ్యాపించినది. నేటి చట్టము ప్రకారము కాఫీచికోరీ మిశ్రమమున కాఫీ నూటికి 51 వంతులకు తగ్గరాదు. ఇంటిలో మరపట్టుకొనుటకు ప్రధానకారణమును ఇదియే: తాను కొన్నది కాఫీయేనని తన కంటితో చూచుకొనవలయునను పట్టుదల. అట్టి పట్టుదలతో తెచ్చిన గింజలో కొంత భాగము ప్రతిదినమును మర మూతికి, గచ్చునకు పోవుట చిన్న నష్టము కాదు. చిక్కునకు విసిగి తయారు పొడికి మారిన ఇండ్లును ఎన్నియో కలవు. స్థిరవిద్యుత్తు తెలిసినచో ఆ మార్పు అవసరమై యుండెడిది కాదు.

గింజను పిండిచేయు సాధనములును మారినవి. మన అవ్వలు రోటిలో దంచిరి. ఐరోపాలో ఫ్రాన్సుదేశపు ప్యూజో కుటుంబమువారు 1840లోనే చేతిమరలు తయారు చేయనారంభించిరి. అట్టి ఇనుపమరలు బల్ల అంచునకు బిగించుకొను రూపమున మన దేశమునకును చేరినవి. 1960ల తరువాత విద్యుత్ మిక్సీ వచ్చినది. దానితోపాటు ప్లాస్టికు మూతయు, ప్లాస్టికు డబ్బాయు వచ్చినవి. ఇక్కడనే మలుపు కలదు. ఇత్తడి గిన్నెలో పడిన పొడి తన విద్యుత్తును లోహమున కిచ్చివేయగలదు. ఆ గిన్నెను పట్టుకొన్న చేతి ద్వారా అది నేలకు జారిపోవును. ప్లాస్టికు అట్లు జారనీయదు. గ్రే మహాశయుడు 1729లో చెప్పిన భేదమే ఇది. ప్లాస్టికు చేరిన తరువాత పూర్వమునుండి ఉన్న చిక్కు మరింత పెద్దదైనది.

అయితే ఈ సీమలోనే అది అంత బాధించుటకు కారణమేమి? రాపిడివలనను, గింజ పగులుటవలనను విద్యుత్తు ఎచ్చటనైనను పుట్టును. అది నిలుచునా, జారునా అనునది తేమను బట్టి యుండును. గాలిలో తేమ అధికముగ నున్నచో ప్రతి వస్తువు మీదను కంటికి కానరాని పలుచని నీటిపొర ఏర్పడును. విద్యుత్తు ఆ పొర వెంట మెల్లగ జారిపోవును. కర్నూలు, కడపలలో సాలుకు కురియు వర్షము 700 మిల్లీమీటర్లకు అటునిటుగ మాత్రమే. వైశాఖమున మధ్యాహ్నపు గాలి తేమను ఇయ్యకపోగా ఉన్నదానిని పీల్చుకొనును. అపుడా నీటిపొర యుండదు. పుట్టిన విద్యుత్తు పుట్టినచోటనే నిలుచును. శీతకాలపు రాత్రి తల దువ్వినపుడు దువ్వెన చిటపటలాడుటకును, నైలాను చీర ఒంటికి అంటుకొనుటకును ఇదియే కారణము.

ఈ సంగతి మన వృత్తులవారికి అనుభవమున తెలిసినదే. కడప సీమలోని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములలోను, కర్నూలు సీమలోని ఎమ్మిగనూరులోను నేతగాండ్రు తరతరములుగ గుంటమగ్గము మీద నేసిరి. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘమును స్థాపించుటకు ఎంతో పూర్వమునుండియు ఆ గుంటలు కలవు. నేలలో త్రవ్విన గుంట చల్లదనమును, తేమను నిలుపును. ఎండిన నూలు పెళుసై తెగిపోవుటయు, పోగులు రేగుటయు తగ్గును. ఆదోని వంటి పత్తిపట్టణములలో ఆరిన దూది యంత్రమునకు అంటుకొనుట తెలిసిన విషయమే. నూలుమిల్లులలో గాలికి తేమ కలుపు ఏర్పాటులు చేయుదురు. దూదియు, పిండియు ఎగురు చోట్ల ఒక్క నిప్పురవ్వ పెద్ద ప్రమాదము కాగలదు. కావున తేమను కాపాడుకొనుట అచ్చట సౌకర్యము కొరకే కాదు, క్షేమము కొరకును.

కాఫీ విషయమున ఈ సూత్రము శాస్త్రపరీక్షకు నిలిచినది ఇటీవలనే. దానిని పరీక్షించినవారిలో ఒకరు అగ్నిపర్వతముల శాస్త్రజ్ఞులగుట విశేషము. అగ్నిపర్వతము ప్రేలినపుడు శిల పగిలి బూడిదయై, రేణువులు ఒకదానితో నొకటి రాసికొని, ఆ పొగలోనే మెరుపులు మెరయును. జోషువా మెండెజ్ హార్పర్ అను అట్టి శాస్త్రజ్ఞుడును, అమెరికాలోని ఆరెగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన క్రిస్టోఫర్ హెండన్ అను రసాయనశాస్త్రజ్ఞుడును, వారి సహచరులును కలిసి కాఫీగింజను అదే దృష్టితో పరిశీలించి 2023లో ఫలితములు ప్రకటించిరి.

అగ్నిపర్వతపు బూడిద మన సీమకు దూరపుమాట యని తలపరాదు. బనగానపల్లె సమీపమున జుర్రేరు లోయలో జ్వాలాపురమను గ్రామము కలదు. నేడు అది నంద్యాల జిల్లాలోనిది. అచ్చట భూమిలో తెల్లని బూడిదపొర కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగ మందమున కనబడును. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రాదీవిలోని టోబా అగ్నిపర్వతము ప్రేలినపుడు సముద్రము దాటి వచ్చిపడిన బూడిద అది. ఆ పొరకు క్రిందను, పైనను మానవులు వాడిన రాతిపనిముట్లు దొరికినవని 2007లో ప్రకటింపబడినది. సముద్రము మీదుగ ఆ బూడిదను మోసికొని వచ్చిన మేఘమున ఏ శక్తి మెరసినదో, ఆ జాతి శక్తియే నేడు కర్నూలు ఇంటి కాఫీ మరలో పొట్టును ఎగురగొట్టుచున్నది.

ఆ పరిశోధకులు కనుగొన్నదేమన, గింజలో మిగిలియున్న తేమయే ఈ విషయమున ముఖ్యమని. పచ్చిగింజలో నూటికి 10 నుండి 12 వంతుల తేమ యుండును. వేయించగా అది చాలవరకు పోవును. ఎంత ముదురుగ వేయించిన అంత తేమ పోవును, గింజ అంత పెళుసగును, నలిగినపుడు అంత సన్నని పొడియు అంత విద్యుత్తును పుట్టును. ముదురుగ వేగిన గింజ ఋణవిద్యుత్తును పొందును. లేతగ వేగి తేమ మిగిలినది ధనవిద్యుత్తును పొందవచ్చును. గింజ ఏ దేశమున పండినదను భేదము అంతగ కనబడలేదు. మరపట్టుటకు ముందు గింజలకు కొద్దిపాటి నీరు తగిలించినచో విద్యుత్తు మిక్కిలి తగ్గినది. అంతే కాదు: విద్యుత్తువలన సన్నని పొడి ఉండలు కట్టును, వేడినీరు ఉండలను తప్పించుకొని ప్రక్కలనుండి పోవును, లోపలి సారము దిగదు. నీరు తగిలించి మరపట్టిన పొడిలో ఉండలు తక్కువ. ఒత్తిడితో దింపు ఎస్ప్రెస్సో కాఫీలో సారము ఎక్కువగను, ప్రతిసారి ఒకే తీరుగను దిగినదని వారు చూపిరి.

కాఫీగింజకు తడి తగులరాదని పెద్దలు చెప్పిన మాటకు ఇది విరుద్ధము కాదు. ఆ మాట నిలువచేయు గింజకు సంబంధించినది. నిలువలో తడి గింజకు శత్రువే. మరలో పోయుటకు కొన్ని క్షణములకు ముందు తగిలించు చుక్క వేరు. దాని పద్ధతిని ఇంటివారి సౌకర్యార్థము ఇచ్చట చెప్పుచున్నాము.

ఆ పూటకు కావలసినంత గింజనే తీసికొనవలయును. నీటి తూకము గింజ తూకములో నూటికి 2 వంతులకు మించరాదు. అనగా 50 గ్రాముల గింజకు సుమారు 20 చుక్కలు, ఒక మిల్లీలీటరు నీరు. చేతివ్రేళ్లు నీటిలో ముంచి చిలకరించినను, తడి చెంచా కాడతో గింజలను కలియబెట్టినను చాలును. గింజ నిగనిగలాడవలెనే గాని తడిసి నీరు కారరాదు. పిమ్మట వెంటనే మరపట్టి, పొడిని లోహపు గిన్నెలోనికి దింపవలయును. మర ఆగిన తరువాత ఒకటి రెండు నిమిషములు మూత తీయక యుంచి, మరను తట్టి దింపినచో పొడి మరింత నెమ్మదిగ దిగును. ఇట్లు పట్టిన పొడిని ఆ దినమే వాడుకొనవలయును; డబ్బాలో నిలువచేసినచో వాసన పోవును. ఇనుపమర పండ్లను పొడిగుడ్డతో తుడువనిచో త్రుప్పు పట్టును. మిక్సీ వాడువారు తడిచేతితో మీట ముట్టరాదు. వీలైనవారు మధ్యాహ్నమున గాక తెల్లవారుజామున మరపట్టుట మేలు. దినమంతటిలో గాలిలో తేమ అధికముగ నుండునది ఆ వేళనే. మన పెద్దల కాఫీ వేళయు అదియే.

ఈ శక్తిని శత్రువుగ మాత్రము చూడవలదు. కడప జిల్లా ముద్దనూరు దగ్గరనున్న రాయలసీమ ఉష్ణవిద్యుత్ కేంద్రమున బొగ్గు కాలినపుడు లేచు బూడిదను పొగగొట్టమునకు పోకముందే పట్టుకొనునది ఇట్టి విద్యుదాకర్షణమే. 20వ శతాబ్ది ఆరంభమున అమెరికాలో కాట్రెల్ రూపొందించిన ఆ పద్ధతిలో, రేణువులకు విద్యుత్తును పట్టించి, లోహపు పలకలు వాటిని లాగుకొనునట్లు చేయుదురు. సిమెంటు కర్మాగారములలోను ఇట్టి యంత్రములు కలవు. కాఫీపొడిని మన కొంగునకు అంటించు గుణమే, అచ్చట చుట్టుపట్ల గ్రామముల ఊపిరిని కాపాడుచున్నది.

నీటికొరకు తరతరములుగ ఆకసమువైపు చూచుచు, ప్రతి చుక్కను లెక్కించి వాడుకొన్న సీమ ఇది. ఇచ్చటి కాఫీ మరలోని చిక్కునకు మందుగ శాస్త్రము చూపినది ఖరీదైన యంత్రము కాదు, కొత్త పదార్థము కాదు. ఆ నీటి చుక్కయే. ఇరువది చుక్కలతో ఒక పూట గింజ నిలుచును, పొడి దిగును, డికాషను చిక్కనగును. దానికి వేయవలసిన వ్యయము ఏమియు లేదు. రేపటి ఉదయము మర ముందు కూర్చున్నపుడు ఇది పరీక్షించి చూడగలందులకు మా శ్రోతలను, పాఠకులను కోరుచున్నాము.